ముక్కూ మొహం తెలియనివాళ్ళు డ్రైవ్‌లో ఫైల్ షేర్ చేస్తే

నేను పుస్తకాలకి పేజీలు కడతాను. అంటే నా పనంతా పరాయివాళ్ళ ఫైళ్ళతోనే. రాసినవాళ్ళు, ఫొటోలు తీసినవాళ్ళు, ముఖచిత్రం వేసినవాళ్ళు, వీళ్ళలో సగం మందిని నేను ఎప్పుడూ చూడలేదు. "తెలియనివాళ్ళు పంపిన ఫైళ్ళు తెరవకండి" అనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాన్ని అక్షరాలా పాటిస్తే నేను పని మానుకోవాలి. ఉద్యోగాలకి వచ్చే దరఖాస్తులు చూసేవాళ్ళు, విద్యార్థుల ప్రాజెక్టులు దిద్దేవాళ్ళు, ఫ్రీలాన్స్ పనులు చేసేవాళ్ళు అందరి పరిస్థితీ ఇదే. కాబట్టి తెరిచేముందు ఏం చూడాలో, ఎంతవరకు తెరవొచ్చో, ఎక్కడ ఆగిపోవాలో నేను చేసే పద్ధతిలో చెబుతాను.

ఎక్కువగా గూగుల్ డ్రైవ్ (నెట్‌లో ఫైళ్ళు దాచుకుని, ఇతరులతో పంచుకునే చోటు) పేరే వస్తుంది. నాకు వచ్చేవాటిలో ఎక్కువ అందులోంచే వస్తాయి మరి. వన్‌డ్రైవ్‌లోనూ డ్రాప్‌బాక్స్‌లోనూ మెనూల పేర్లు వేరు, మోసం చేసే తీరు మాత్రం ఒకటే.

మెయిల్ అసలుదే, చిక్కంతా అక్కడే

డ్రైవ్‌లో మీకు ఫైల్ షేర్ చేయడానికి ఎవరికైనా మీ మెయిల్ ఐడీ తెలిస్తే చాలు. మీ అనుమతి అక్కర్లేదు, మీరు వాళ్ళ కాంటాక్టుల్లో ఉండనక్కర్లేదు. వాళ్ళు షేర్ బటన్ నొక్కగానే "ఫలానావారు మీతో ఒక డాక్యుమెంట్ పంచుకున్నారు" అని మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ పంపేది మోసగాడు కాదు, గూగులే. పంపినవారి చిరునామా చూస్తే చివర గూగుల్ డాట్ కామ్ అనే ఉంటుంది. స్పామ్ ఫిల్టర్ కూడా దాన్ని చాలాసార్లు ఆపదు, అది నిజంగా గూగుల్ సర్వర్ నుంచే వచ్చింది కనుక. "పంపినవారి అడ్రస్ సరిగ్గా ఉందో లేదో చూడండి" అని మనం ఇన్నేళ్ళూ నేర్చుకున్న పాఠం ఇక్కడ పనికిరాదు.

కొరియర్ అబ్బాయి నిజంగా కొరియర్ ఆఫీసు నుంచే వచ్చాడు, డబ్బాలో ఏముందో అతనికేం తెలుసు? ఈ మెయిల్ కూడా అంతే. ఏదో ఒక అకౌంట్ ఏదో ఒక ఫైల్ మీతో షేర్ చేసింది అన్నంతవరకే దాని హామీ.

అందుకే నేను ముందు చూసేది పేరు కాదు. పేరు ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. పెద్ద ప్రచురణ సంస్థ పేరూ పెట్టుకోవచ్చు, మీ మేనేజర్ పేరూ పెట్టుకోవచ్చు, "అకౌంట్స్ డిపార్ట్‌మెంట్" అనీ పెట్టుకోవచ్చు. "వయా గూగుల్ డ్రైవ్" అని కనిపించే ఆ పేరుని వదిలేసి, మెయిల్ లోపల షేర్ చేసినవారి అకౌంట్ చిరునామా ఎక్కడుందో వెతకండి. సంస్థ పేరుతో వచ్చిన ఫైల్‌కి ఎవరో వ్యక్తి పేరూ నాలుగు అంకెలూ కలిపిన మామూలు జీమెయిల్ ఐడీ ఉంటే అక్కడే సగం సంగతి తెలిసిపోతుంది. చిన్న సంస్థలు జీమెయిలే వాడతాయి, అందులో తప్పు లేదు. కానీ వాళ్ళు ఇంతకుముందు మాట్లాడిన ఐడీ ఇదేనా అన్నది చూడాలి.

ఇవి కాకుండా అచ్చం డ్రైవ్ మెయిల్‌లా తయారుచేసిన నకిలీ మెయిళ్ళు కూడా వస్తాయి. నీలం బటన్, లోగో, అన్నీ ఉంటాయి. అసలుదేదో నకిలీదేదో కళ్ళతో పోల్చి చూస్తూ కూర్చోవడం దండగ. మెయిల్‌లోని బటన్ నొక్కకుండా డ్రైవ్ యాప్ తెరవండి, లేదా బ్రౌజర్‌లో మీరే అడ్రస్ టైప్ చేసి వెళ్ళండి. "షేర్డ్ విత్ మీ" అనే చోట ఆ ఫైల్ ఉందా చూడండి. మీ పేరు మీద షేర్ చేసిందైతే అక్కడ కనబడాలి. లేకపోతే ఆ మెయిల్‌ని నమ్మడానికి కారణం లేదు. ఒక్క మినహాయింపు ఉంది: "లింక్ ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చు" అనే పద్ధతిలో పెట్టిన ఫైల్ లింకుని ఎవరైనా మామూలు మెయిల్‌లోనో మెసేజ్‌లోనో పంపితే, మీరు తెరిచేదాకా అది ఆ జాబితాలోకి రాదు. అలాంటప్పుడు పంపిన మనిషినే వేరే దారిలో అడగాలి.

వేరే దారి అంటే ఫోన్. ఆ మెయిల్‌కే రిప్లై ఇచ్చి "ఇది మీరే పంపారా?" అని అడిగితే, అకౌంట్ దొంగ చేతిలో ఉన్నప్పుడు "అవును నేనే, చూడండి" అని జవాబు వస్తుంది. తెలిసినవాళ్ళ అకౌంట్ హ్యాక్ అయ్యి, వాళ్ళ కాంటాక్టులన్నిటికీ ఒకే ఫైల్ షేర్ కావడం మామూలుగా జరిగేదే. కాబట్టి పరిచయస్తుల నుంచి వచ్చినా, మీరు అడగని ఫైల్ అయితే ఒక ఫోన్ కొట్టండి. అర నిమిషం పని.

కామెంట్ల ద్వారా వచ్చేవి కూడా ఈ కోవలోవే. ఏదో డాక్యుమెంట్‌లో మీ ఐడీని ట్యాగ్ చేసి కామెంట్ రాస్తారు. ఆ కామెంట్ మొత్తం, లింకుతో సహా, మీ మెయిల్‌కి వచ్చేస్తుంది. ఇక మీరు ఫైల్ తెరవాల్సిన పని కూడా లేదు, మెయిల్‌లోనే వల ఉంటుంది. "మీకు బహుమతి వచ్చింది", "మీ చెల్లింపు ఆగిపోయింది" అంటూ ఉండేవి ఎక్కువ ఇవే.

చూడటం వేరు, దింపుకోవడం వేరు

ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. డ్రైవ్‌లో ఉన్న వర్డ్ ఫైల్‌నో పీడీఎఫ్‌నో బ్రౌజర్‌లో ప్రివ్యూ చూసినప్పుడు, ఆ ఫైల్ మీ కంప్యూటర్‌లో నడవదు. గూగుల్ దాన్ని తన సర్వర్‌లో చదివి, పేజీ రూపం మాత్రమే మీకు చూపిస్తుంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళలో దాగి ఉండే మ్యాక్రోలు, అంటే ఫైల్ లోపల పెట్టే చిన్న ప్రోగ్రామ్‌లు, ప్రివ్యూలో పనిచేయవు. అందుకే తెలియనివారి నుంచి వచ్చిన ఏ ఫైల్‌నైనా నేను మొదట ప్రివ్యూలోనే చూస్తాను. నవల రాతప్రతి అని చెప్పి పంపింది నిజంగా నవలేనా కాదా అన్నది మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. బ్రౌజర్ మాత్రం ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయి ఉండాలి.

మీరు లాగిన్ అయి ఉండగా మీ పేరుమీద షేర్ చేసిన గూగుల్ డాక్యుమెంట్ తెరిస్తే, అదే సమయంలో అవతలివాళ్ళు కూడా అందులో ఉంటే, పైన మీ పేరూ బొమ్మా వాళ్ళకి కనబడతాయి. పబ్లిక్ లింకుతో వచ్చేవాళ్ళు మాత్రం "అనామక" జంతువుల్లా కనిపిస్తారు. ఆ ఏర్పాటు సరదాగానే ఉంటుంది కానీ, ఈ ఐడీ వెనక మనిషి ఉన్నాడని మోసగాడికి తెలియడం ఇష్టం లేకపోతే అసలు తెరవకుండానే వదిలేయండి.

ప్రివ్యూలో ప్రమాదం ఫైల్ వల్ల కాదు, అందులోని లింకుల వల్ల వస్తుంది. నాకు వచ్చిన ఒకదాని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రకం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఫైల్ పేరు "కవర్ రిఫరెన్సులు, కాంట్రాక్టుతో". తెరిస్తే ఒకే ఒక్క పేజీ. అందులో ఏదో ఒప్పంద పత్రాన్ని కావాలని మసకగా చేసిన బొమ్మ. పేరాలు ఉన్నట్టు తెలుస్తుంది, ఒక్క అక్షరం చదవలేం. దాని మీద అడ్డంగా "ఈ పత్రం సురక్షితంగా ఉంచబడింది" అని ఒక పెట్టె, కింద "పత్రాన్ని చూడండి" అని నీలం బటన్. ఇక్కడ ఆగి ఆలోచించాలి. నేను ఇప్పటికే పత్రాన్ని తెరిచాను కదా! తెరిచిన పత్రంలో పత్రాన్ని తెరవమని బటన్ ఎందుకు? మౌస్‌ని బటన్ మీద పెట్టి నొక్కకుండా ఉంచితే అది వెళ్ళే అడ్రస్ కనిపించింది. మొదట గూగుల్ దారి మళ్ళింపు అడ్రస్, దాని పొట్టలో ఇంకేదో పేరు. ఫోన్‌లో అయితే లింకుని నొక్కి పట్టుకుంటే అడ్రస్ కనిపిస్తుంది.

ఆ బటన్ నొక్కినవాళ్ళకి వచ్చేది అచ్చం గూగుల్‌దో మైక్రోసాఫ్ట్‌దో అనిపించే లాగిన్ పేజీ. మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారు, ఫైల్ చూస్తున్నారు. అలాంటప్పుడు మళ్ళీ పాస్‌వర్డ్ అడగడమే అనుమానించాల్సిన విషయం. భద్రత కోసం గూగుల్ అప్పుడప్పుడు మళ్ళీ అడుగుతుంది, కాదనను. కానీ ఒక ఫైల్ లోపలి బటన్ నొక్కినందుకు అడిగితే ఆ ట్యాబ్ మూసేయండి.

అడ్రస్ చదివే పద్ధతి ఇది. మొదట్లో ఉండే "https://"ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి వాలు గీత (/)కి ముందున్న భాగం మాత్రమే చూడాలి, అది కూడా కుడి నుంచి ఎడమకి. "డ్రైవ్ డాట్ గూగుల్ డాట్ కామ్" అయితే కుడి చివర గూగుల్ డాట్ కామ్ ఉంది, సరే. "గూగుల్ డాట్ కామ్ డాట్ లాగిన్-చెక్ డాట్ సైట్" అయితే దాని యజమాని లాగిన్-చెక్ అనేవాడు, ముందున్న గూగుల్ అలంకారం. మైక్రోసాఫ్ట్ వైపు వన్‌డ్రైవ్ డాట్ లైవ్ డాట్ కామ్, షేర్‌పాయింట్ డాట్ కామ్ అనేవి అసలువి. అయితే అసలు అడ్రస్ ఉన్నంత మాత్రాన పేజీ మంచిదైపోదు. గూగుల్ సైట్స్‌లో ఎవరైనా పేజీ కట్టొచ్చు, గూగుల్ ఫారమ్‌ని ఎవరైనా తయారుచేయొచ్చు. ఫారమ్ కింద చిన్న అక్షరాలతో "గూగుల్ ఫారమ్‌ల ద్వారా పాస్‌వర్డ్‌లు పంపవద్దు" అన్న హెచ్చరిక గూగులే పెడుతుంది. పైన పాస్‌వర్డ్ గడి, కింద ఆ హెచ్చరిక ఒకే పేజీలో కనిపించిన సందర్భాలున్నాయి. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు, అయినా నింపేవాళ్ళు నింపుతారు.

కళ్ళని ఎక్కువగా నమ్ముకోకుండా ఉండాలంటే పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డ్‌లు దాచి తనే నింపే సాధనం, పెట్టుకోండి. బ్రౌజర్‌లో ఉన్నదైనా చాలు. అది పేజీ అందం చూడదు, అడ్రస్ చూస్తుంది. ఎప్పుడూ తనంతట తాను నిండే పాస్‌వర్డ్ గడి ఇవాళ ఖాళీగా ఉండిపోయిందంటే, కాపీ చేసి అతికించే ముందు అడ్రస్ చూడండి. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి) అయితే ఇంకా మేలు, వేరే అడ్రస్‌లో అది పనే చేయదు.

పాస్‌వర్డ్ అడగని మోసం ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. 2017 మే 3న చాలామందికి "మీతో ఒక గూగుల్ డాక్ షేర్ చేశారు" అని తెలిసినవాళ్ళ పేరుతో మెయిల్ వచ్చింది. నొక్కితే గూగుల్‌వారి అసలైన పేజీకే వెళ్ళింది. అక్కడ "గూగుల్ డాక్స్" అనే పేరున్న ఒక యాప్ మీ మెయిల్ చదవడానికి, కాంటాక్టులు చూడటానికి అనుమతి అడిగింది. ఆ యాప్ గూగుల్‌ది కాదు, ఎవరో ఆ పేరు పెట్టుకున్నారు. అనుమతించినవాళ్ళ అకౌంట్ నుంచి వాళ్ళ కాంటాక్టులందరికీ అదే మెయిల్ వెళ్ళింది. గూగుల్ దాన్ని దాదాపు గంటలో ఆపింది, జీమెయిల్ వాడేవాళ్ళలో 0.1 శాతం లోపే దాని బారిన పడ్డారని చెప్పింది. అందులో ఎవరి పాస్‌వర్డూ దొంగిలించలేదు, అసలు దాని అవసరమే రాలేదు. రెండంచెల వెరిఫికేషన్ ఉన్నా అడ్డుపడదు, అనుమతి మనమే ఇస్తాం కనుక. కాబట్టి ఫైల్ చూడటానికి "ఈ యాప్‌ని అనుమతించు" అని అడిగితే, అది ఏమేం కోరుతోందో ఆ జాబితా పూర్తిగా చదవండి. ఒక్క డాక్యుమెంట్ చూపించడానికి మీ మెయిళ్ళన్నీ చదవాల్సిన అవసరం ఏ యాప్‌కీ ఉండదు.

దింపుకోక తప్పనప్పుడు

నా పనిలో ప్రివ్యూతో సరిపోదు. ఫొటోలు దింపుకోవాలి, ఫాంట్లు దింపుకోవాలి. అక్కడే నిజమైన జాగ్రత్త కావాలి.

మొదటి పని, కంప్యూటర్ ఫైల్ పేరు మొత్తం చూపించేలా చేయడం. పేరు చివర చుక్క తర్వాత ఫైల్ రకాన్ని చెప్పే అక్షరాలని ఎక్స్‌టెన్షన్ అంటారు, విండోస్ తనకి తెలిసిన ఎక్స్‌టెన్షన్లని మామూలుగా దాచేస్తుంది. ఫైల్ పేరు "ఫొటో డాట్ జేపీజీ డాట్ ఈఎక్స్ఈ" అయితే మీకు "ఫొటో డాట్ జేపీజీ" అనే కనిపిస్తుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూ మెనూలో షో అనే చోట "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" టిక్ పెట్టండి. మ్యాక్‌లో ఫైండర్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉంటుంది. ఇదేమీ కొత్త మోసం కాదు. 2000 మేలో ప్రపంచమంతా తిరిగిన "ఐ లవ్ యూ" వైరస్ వచ్చింది ఈ దారిలోనే. ప్రేమలేఖ డాట్ టీఎక్స్‌టీ అన్నట్టు కనిపించే ఫైల్‌కి వెనక వీబీఎస్ అనే అసలు ఎక్స్‌టెన్షన్ దాగి ఉంది. పాతికేళ్ళు దాటినా ఆ టిక్ ఇంకా మనమే పెట్టుకోవాల్సి రావడం నాకు ఆశ్చర్యమే.

నాకు వచ్చిన రెండో నమూనా ఇలా ఉంది. షేర్ చేసిన ఫోల్డర్‌లో ఒక జిప్ (ఫైళ్ళని మూటకట్టిన ఫైల్), పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్. టెక్స్ట్ ఫైల్‌లో జిప్ పాస్‌వర్డ్. ఉత్తరంలో "రచయిత గోప్యత కోసం పాస్‌వర్డ్ పెట్టాం" అని మర్యాదగా రాశారు. గోప్యతే ముఖ్యమైతే పాస్‌వర్డ్‌ని అదే ఫోల్డర్‌లో ఎవరూ పెట్టరు కదా. పాస్‌వర్డ్ పెట్టింది నా కోసం కాదు, డ్రైవ్ వైరస్ స్కానర్ కోసం. తాళం వేసిన జిప్‌లోపల ఏముందో స్కానర్ చూడలేదు. ఆ జిప్‌ని విప్పకుండా లోపలి పేర్లు మాత్రం చూశాను. పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లో కూడా ఫైళ్ళ పేర్లు సాధారణంగా కనిపిస్తాయి. ఒకే ఫైల్. పేరు "రాతప్రతి పీడీఎఫ్" అని మొదలై, తర్వాత బోలెడు ఖాళీ స్పేసులు, గడి వెడల్పు పెంచి కుడి చివరదాకా జరిపితే ఎస్‌సీఆర్ అనే మూడు అక్షరాలు. అది స్క్రీన్‌సేవర్ ఎక్స్‌టెన్షన్. విండోస్‌లో స్క్రీన్‌సేవర్ అంటే నేరుగా నడిచే ప్రోగ్రామ్ అన్నమాటే. ఆ రాతప్రతి సైజు వందల మెగాబైట్లు. అక్షరాలు మాత్రమే ఉన్న పుస్తకం అంత బరువు ఉండదు.

ఆ బరువు కూడా ఊరికే రాలేదు. గూగుల్ డ్రైవ్ 100 ఎంబీ కన్నా పెద్ద ఫైళ్ళని వైరస్ కోసం స్కాన్ చేయదు. దింపుకునేటప్పుడు "ఈ ఫైల్‌ని స్కాన్ చేయలేకపోయాం" అని హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది. అందుకే మోసగాళ్ళు చిన్న ప్రోగ్రామ్‌కి పనికిరాని డేటా నింపి లావు చేస్తారు. మీకు పెద్ద వీడియో వస్తే ఆ హెచ్చరిక మామూలే, కంగారు పడక్కర్లేదు. ఒక ఉత్తరానికో ఇన్‌వాయిస్‌కో ఆ హెచ్చరిక వస్తే మాత్రం దింపకండి.

ఈ రకం దాడికి పెద్ద పెద్దవాళ్ళే దొరికారు. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ అనే యూట్యూబ్ ఛానెల్‌ని దొంగలు పట్టుకున్నారు. ఆ ఛానెల్ చేసేదే కంప్యూటర్ల గురించి. స్పాన్సర్‌షిప్ ఒప్పందం అనుకుని వాళ్ళ ఉద్యోగి ఒకరు పీడీఎఫ్‌లా కనిపించిన ఫైల్ తెరిచారు. అది బ్రౌజర్‌లోని లాగిన్ సెషన్‌ని ఎత్తుకెళ్ళింది. సెషన్ చేతికొస్తే పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారని సర్వర్ అనుకుంటుంది. "నాకు రెండంచెల వెరిఫికేషన్ ఉంది, ఏమీ కాదు" అనే ధీమా ఇక్కడ పనికిరాదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

నేను తెరవని ఎక్స్‌టెన్షన్లు, ఎవరు పంపినా సరే: ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, ఎంఎస్ఐ, బ్యాట్, జేఎస్, వీబీఎస్, హెచ్‌టీఏ, ఎల్ఎన్‌కే, ఐఎస్ఓ. ఫోన్‌కి అయితే ఏపీకే. హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ), ఎస్‌వీజీ (ఒక రకం బొమ్మ) చూడటానికి అమాయకంగా ఉంటాయి కానీ వాటిలో నకిలీ లాగిన్ పేజీని మొత్తంగా పెట్టొచ్చు. ఎస్‌వీజీ బొమ్మలు నా పనిలో నిజంగానే వస్తాయి. నేను అడిగిన మనిషి నుంచి, నేను అడిగిన రోజున వస్తే సరే, లేకపోతే పీడీఎఫ్‌గా మార్చి పంపమంటాను.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళలో ఎక్స్‌టెన్షన్ చివర ఎం ఉంటే, అంటే డీఓసీఎం, ఎక్స్ఎల్ఎస్ఎం అయితే, అందులో మ్యాక్రోలు ఉండొచ్చు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మ్యాక్రోలని మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మామూలుగానే ఆపేస్తోంది. అయినా "ఎనేబుల్ కంటెంట్ నొక్కితేనే పత్రం కనిపిస్తుంది" అని పత్రంలోనే రాసి బతిమాలేవి వస్తూనే ఉన్నాయి. అంతకన్నా సులువైన దారి, వర్డ్ ఫైల్‌ని దింపకుండా డ్రైవ్‌లోనే గూగుల్ డాక్స్‌తో తెరిచి, మీకు కావలసిన మాటర్ కాపీ చేసుకోవడం. నా పనిలో సగం ఇలాగే అయిపోతుంది.

అనుమానం తీరకపోతే వైరస్‌టోటల్ అనే సైట్ ఉంది. 2012 నుంచి గూగుల్ చేతిలో ఉంది. ఫైల్ ఇస్తే పదుల సంఖ్యలో యాంటీవైరస్‌లతో పరీక్షించి చెబుతుంది. రెండు మాటలు గుర్తుంచుకోండి. అక్కడ పెట్టిన ఫైల్ భద్రతా సంస్థలకి అందుబాటులోకి వెళుతుంది, కాబట్టి ఒకరి అచ్చుకాని పుస్తకాన్నో, గుర్తింపు పత్రాలనో, జీతం వివరాలనో అందులో పడేయకూడదు. రెండోది, "ఏమీ దొరకలేదు" అని వచ్చినంత మాత్రాన మంచి ఫైల్ అని కాదు, కొత్తగా పుట్టినదాన్ని ఇంకా ఎవరూ గుర్తించి ఉండకపోవచ్చు. ఒకటి రెండు యాంటీవైరస్‌లు ఎర్ర జెండా చూపినా నేను తెరవను, పంపినవారినే వేరే రూపంలో పంపమంటాను.

చెత్తని వదిలించుకోవడం

"షేర్డ్ విత్ మీ"లో పడిన ఫైల్ మీ స్టోరేజీని తినదు. కంప్యూటర్‌లోకి దానంతట అది దిగదు కూడా. మనం దగ్గరికి తీసుకుంటే తప్ప అది దూరంగానే ఉంటుంది. "మై డ్రైవ్‌కి షార్ట్‌కట్ జోడించు" అని నొక్కితే, మీ కంప్యూటర్‌లో డ్రైవ్ సింక్ యాప్ (కంప్యూటర్‌లోని ఫైళ్ళనీ డ్రైవ్‌లోని ఫైళ్ళనీ ఒకేలా ఉంచే యాప్) ఉన్నప్పుడు అది మీ ఫోల్డర్ల మధ్యకి వచ్చి కూర్చుంటుంది. వన్‌డ్రైవ్‌లో కూడా ఇలాంటి షార్ట్‌కట్ ఉంది. డ్రాప్‌బాక్స్‌లో షేర్డ్ ఫోల్డర్‌ని అంగీకరిస్తే కంప్యూటర్‌లోకి సింక్ అవుతుంది. అంగీకరించకుండా వదిలేయండి. "మేక్ ఎ కాపీ" అసలే వద్దు. కాపీ చేసిన క్షణం నుంచి ఆ ఫైల్‌కి యజమాని మీరే. అందులో చట్టవిరుద్ధమైనది ఏదైనా ఉంటే అది మీ అకౌంట్‌లో ఉన్నట్టే లెక్క. అసభ్యమైన ఫొటోలో వీడియోలో కనిపిస్తే, "చూడు ఏం పంపారో" అని ఇంకొకరికి ఫార్వర్డ్ కూడా చేయకండి. అక్కడికక్కడే రిపోర్ట్ చేసి బయటికి వచ్చేయండి.

ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే, ఫోన్‌లో అయితే మూడు చుక్కలు నొక్కితే, వచ్చే మెనూలో రిపోర్ట్, బ్లాక్ ఉంటాయి. డ్రైవ్‌లో బ్లాక్ 2021లో వచ్చింది, అంతకుముందు ఒకే మనిషి ఎన్నిసార్లు పంపినా భరించాల్సిందే. బ్లాక్ చేస్తే అతను మీకు షేర్ చేయలేడు, అతను పంపిన పాతవి కూడా మీ జాబితాలోంచి పోతాయి. 2023లో స్పామ్ ఫోల్డర్ కూడా వచ్చింది. అందులోకి జరిపితే ఆ ఫైల్ నుంచి నోటిఫికేషన్లు ఆగుతాయి. ఊరికే "రిమూవ్" నొక్కడం కన్నా ముందు రిపోర్ట్, తర్వాత బ్లాక్, ఇదే నా వరస. తీసేశాక రిపోర్ట్ చేద్దామంటే ఫైల్ దొరకదు.

ఒకటి మాత్రం చేయకండి. చిరాకులో ఆ నోటిఫికేషన్ మెయిల్ పంపిన గూగుల్ చిరునామాని జీమెయిల్‌లో బ్లాక్ చేయొద్దు. అది అందరి షేర్లకీ ఒకటే చిరునామా. రేపు మీకు కావలసినవాళ్ళు షేర్ చేసిన మెయిల్ కూడా స్పామ్‌లోకి పోతుంది. బ్లాక్ చేయాల్సింది డ్రైవ్‌లో ఉన్న మనిషిని.

ఇన్ని చూసుకుంటూ మన తలుపు మనమే తెరిచిపెట్టుకోవడం కూడా జరుగుతుంది. అందరి దగ్గరా ఫొటోలు తీసుకోవడానికి ఒక ఫోల్డర్ పెట్టి, "లింక్ ఉన్నవాళ్ళెవరైనా ఎడిట్ చేయొచ్చు" అని ఇచ్చేస్తాం. ఆ లింక్ ఏదో గ్రూపులోకి వెళ్ళిందంటే, ఎవరైనా అందులో ఏమైనా పడేయొచ్చు, ఉన్నవాటిని మార్చొచ్చు. అది మీ ఫోల్డర్ కాబట్టి తెరిచేవాళ్ళు మిమ్మల్ని నమ్మి తెరుస్తారు. ఫైళ్ళు సేకరించాలంటే డ్రాప్‌బాక్స్‌లో "ఫైల్ రిక్వెస్ట్" వాడండి. పంపేవాళ్ళు పంపగలరు, ఇతరులు పంపినవి చూడలేరు. డ్రైవ్‌లోనే కావాలంటే ఒక్కొక్కరి ఐడీకి విడిగా అనుమతి ఇవ్వండి, పని అయ్యాక తీసేయండి.

ఇప్పటికే నొక్కేసి ఉంటే

ముందు ఎంతవరకు వెళ్ళారో చూసుకోండి, ఎందుకంటే చేయాల్సిన పని దాన్నిబట్టి మారుతుంది. ప్రివ్యూ మాత్రమే చూశారా, ఏమీ చేయనక్కర్లేదు. లింక్ నొక్కి పేజీ చూసి ఏమీ టైప్ చేయకుండా మూసేశారా, అప్పుడు కూడా పెద్దగా భయం లేదు. ఏదైనా డౌన్‌లోడ్ అయి ఉందేమో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూసి, ఉంటే తెరవకుండా తీసేయండి.

పాస్‌వర్డ్ టైప్ చేసి ఉంటే వెంటనే మార్చండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడుతున్నారో అక్కడ కూడా. అకౌంట్ సెట్టింగ్స్‌లో "యువర్ డివైజెస్" తెరిచి తెలియనివాటిని సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మీవేనా చూడండి. ఇక్కడితో చాలామంది ఆపేస్తారు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ కూడా చూడాలి. లోపలికి వచ్చినవాడు మీ మెయిళ్ళన్నీ తనకి కాపీ వెళ్ళేలా ఒక నియమం పెట్టిపోతే, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఆ నియమం పనిచేస్తూనే ఉంటుంది.

యాప్‌కి అనుమతి ఇచ్చి ఉంటే, అకౌంట్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ యాప్‌ల జాబితాకి వెళ్ళి దాన్ని తీసేయాలి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అన్ని అనుమతులూ పోతాయని అనుకోవద్దు.

దింపుకున్న ప్రోగ్రామ్‌ని నడిపేసి ఉంటే, ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకేయండి. పాస్‌వర్డ్‌లు మార్చాలి, కానీ ఆ కంప్యూటర్‌లో కాదు. అందులో మార్చితే కొత్తది కూడా దొంగ చేతికే పోతుంది. వేరే ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో, మొదట మెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. ప్రతిచోటా "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" నొక్కండి, ఎత్తుకెళ్ళిన సెషన్లు చెల్లకుండా పోవాలంటే అదే దారి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లన్నీ పోయినట్టే అనుకుని జాబితా రాసుకుని ఒక్కొక్కటీ మార్చండి. ఆఫీసు కంప్యూటర్ అయితే ముందు ఐటీ వాళ్ళకి చెప్పండి, మొహమాటపడి సాయంత్రం దాకా ఆగొద్దు. ఇక ఆ కంప్యూటర్‌ని యాంటీవైరస్ ఒకసారి నడిపి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. ఫైళ్ళు పక్కకి తీసి, విండోస్ మళ్ళీ వేయించడమే మేలు.

ఆ ప్రోగ్రామ్ మీ ఫైళ్ళకి తాళం వేసే రకమైతే, సింక్ యాప్ పాడైన ఫైళ్ళనే క్లౌడ్‌లోకి కూడా పంపేస్తుంది. అందుకే నెట్ తీయడం మొదటి పని. అప్పటికే వెళ్ళిపోయినా పాత రూపాలు దొరుకుతాయి. గూగుల్ డ్రైవ్‌లో అప్‌లోడ్ చేసిన ఫైళ్ళ పాత వెర్షన్లు 30 రోజులో, 100 వెర్షన్లో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవాళ్ళకి వన్‌డ్రైవ్ మొత్తాన్ని గత 30 రోజుల్లో ఏదో ఒక రోజుకి వెనక్కి తిప్పే ఏర్పాటు ఉంది. ఆ గడువు దాటకముందే, శుభ్రమైన వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయి ఆ పని పూర్తి చేయండి.